కరాటే, కుంగ్‌ఫూ: పోలికలు, భేదాలు

కరాటే, కుంగ్‌ఫూ అనేవి తూర్పు ఆసియాలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన రెండు యుద్ధవిద్యా సంప్రదాయాలు. కరాటే నేటి జపాన్ దేశానికి దక్షిణపు కొసన ఉన్న ఒకినావా దీవిలో రూపుదిద్దుకొన్నది. కుంగ్‌ఫూ అనేది ఒకే విద్య పేరు కాదు. చైనాలో వందల ఏళ్లుగా వేర్వేరు ప్రాంతాలలో పెరిగిన అనేక పోరాట పద్ధతులన్నిటికీ కలిపి వాడుకలో ఉన్న పేరు. కరాటేను జపాను విద్యగా, కుంగ్‌ఫూను దానికి పోటీగా నిలిచిన చైనా విద్యగా చెప్పడం పరిపాటి. అయితే కరాటే మూలాలలో పెద్ద భాగం చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం నుండి వచ్చినదే. నేడు ఈ రెండింటి మధ్య పైకి కనిపించే భేదాలలో చాలావరకు 20వ శతాబ్దంలో ఏర్పడినవి. తెల్లని దుస్తులు, రంగు బెల్టులు, పోటీల నియమాలు, చివరకు 'కరాటే' అన్న పేరును రాసే తీరు కూడా ఆ కాలపు మార్పులే.

పేర్లు - అర్థాలు

చైనా భాషలో 'కుంగ్‌ఫూ' (గోంగ్‌ఫు) అనే మాటకు యుద్ధంతో నేరుగా సంబంధం లేదు. దీర్ఘకాలం శ్రమించి సాధించిన నేర్పు అని దాని అర్థం. చక్కని చేతిరాతకు, వంటకు, తేనీరు కాచి అందించే విధానానికి సైతం ఈ మాట వర్తిస్తుంది. యుద్ధవిద్యకు చైనాలో వాడే మాట 'వుషు'. 'వు' అనగా యుద్ధం, 'షు' అనగా కళ లేదా విద్య. 1920, 1930 దశకాలలో 'జాతీయ విద్య' అనే అర్థంలో 'గువోషు' అని కూడా వ్యవహరించారు. కుంగ్‌ఫూ అనే మాట యుద్ధవిద్య అన్న అర్థంలో ప్రపంచానికి పరిచయమైనది ముఖ్యంగా హాంగ్‌కాంగ్ సినిమాల ద్వారా.

'కరాటే' అనే మాటలో రెండు భాగాలున్నాయి. 'తే' అనగా చేయి. 'కర' అనే ధ్వనికి జపాను లిపిలో రెండు వేర్వేరు అక్షరాలు కలవు. ఒకటి చైనాను ఏలిన తాంగ్ వంశాన్ని, తద్వారా చైనా దేశాన్ని సూచిస్తుంది. రెండవదానికి ఖాళీ, శూన్యం అని అర్థం. మొదటి అక్షరంతో రాస్తే కరాటే అంటే 'చైనా చేయి'. రెండవ దానితో రాస్తే 'వట్టి చేయి'. ఒకినావాలో పూర్వం ఈ విద్యను 'తే' అని గాని, చైనా అక్షరానికి అక్కడి ఉచ్చారణను అనుసరించి 'తోదే' అని గాని పిలిచేవారు. నేడు ప్రపంచమంతటా చెబుతున్న 'వట్టి చేయి' అనే అర్థం తరువాతి కాలంలో వచ్చినది.

చైనాలో యుద్ధవిద్యల చరిత్ర

చైనా యుద్ధవిద్యల ప్రస్తావన వచ్చినప్పుడు మొదట వినిపించే పేరు శావోలిన్ ఆలయం. హెనాన్ రాష్ట్రంలో సోంగ్ పర్వతం మీద క్రీ.శ. 495లో ఉత్తర వై చక్రవర్తి ఈ బౌద్ధారామాన్ని భారతదేశం నుండి వచ్చిన బాతువో అనే భిక్షువు కొరకు నిర్మింపజేసినట్లు చరిత్ర చెబుతున్నది. క్రీ.శ. 621లో ఈ ఆలయ భిక్షువులు తాంగ్ వంశీయుడైన లీ షిమిన్ పక్షాన యుద్ధంలో సాయపడినట్లు 728లో చెక్కించిన శిలాశాసనం తెలుపుతున్నది. అయితే వారు ఏ విధమైన పోరాట పద్ధతి నేర్చుకొన్నారో ఆ శాసనంలో లేదు.

మింగ్ వంశపు పాలనలో, 16, 17 శతాబ్దాలలో, యుద్ధవిద్యల గురించి వివరమైన గ్రంథాలు వచ్చాయి. తీరప్రాంతాలను దోచుకొనే సముద్రపు దొంగలతో పోరాడిన సేనాని చీ జిగువాంగ్ తన సైనిక గ్రంథంలో వట్టి చేతుల పోరుకు చెందిన 32 భంగిమలను బొమ్మలతో వివరించాడు. పెద్ద యుద్ధాలలో వట్టి చేతుల విద్య అంతగా పనికిరాదని, అయితే కాళ్లు చేతులు చురుకుగా కదలడానికి అది మంచి పునాది అని అతని అభిప్రాయం. ఆ కాలంలో శావోలిన్ భిక్షువులు పేరు పొందినది కూడా ప్రధానంగా కర్రసాములోనే. పిడికిలి పోరుకు అక్కడ ప్రాధాన్యం తరువాత పెరిగినది.

చైనా పద్ధతులను స్థూలంగా ఉత్తరాది, దక్షిణాది అని విభజిస్తారు. ఉత్తరాది పద్ధతులలో దూరం నుండి విసిరే కాలిదెబ్బలు, ఎగరడం, పొడవైన అంగలు ఎక్కువ. దక్షిణాది పద్ధతులలో నేలను గట్టిగా పట్టి నిలవడం, దగ్గరనుండి చేతులతో కొట్టడం ఎక్కువ. 'దక్షిణాన పిడికిలి, ఉత్తరాన కాలు' అన్న నానుడి చైనాలో ఉన్నది. హుంగ్‌గర్, వింగ్ చున్, తెల్లకొంగ పద్ధతి దక్షిణాదివి. వీటికి భిన్నంగా తాయ్‌చీ, షింగ్‌యీ, బాగువా అనే మూడింటిని 'అంతర' పద్ధతులని, మిగిలినవాటిని 'బాహ్య' పద్ధతులని వ్యవహరించడం కూడా కలదు. తాయ్‌చీకి మూలం హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబీకుల గ్రామం. 2020లో యునెస్కో తాయ్‌చీని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది.

బోధిధర్ముని కథ

దక్షిణ భారతదేశం నుండి వెళ్లిన బోధిధర్ముడు శావోలిన్ భిక్షువులకు యుద్ధవిద్య నేర్పాడని, కుంగ్‌ఫూ, కరాటే రెండూ దాని నుండే పుట్టాయని ఒక కథ బహుళ ప్రచారంలో ఉన్నది. 2011లో వచ్చి తెలుగులో 'సెవెన్త్ సెన్స్' పేరుతో విడుదలైన తమిళ చిత్రం ఈ కథను తెలుగు ప్రేక్షకులకు బాగా చేరువ చేసినది.

ఈ కథకు చారిత్రక ఆధారం బలహీనం. క్రీ.శ. 547 నాటి లువోయాంగ్ ఆరామాల వర్ణనలో బోధిధర్ముడు పారశీకం నుండి వచ్చిన భిక్షువుగా కనిపిస్తాడు. దాదాపు అదే కాలానికి చెందిన మరొక రచన అతనిని దక్షిణ భారతదేశపు రాజు మూడవ కుమారునిగా పేర్కొంటున్నది. రెండింటిలోనూ యుద్ధవిద్య ప్రసక్తి లేదు. అతనిని శరీర వ్యాయామాలతో ముడిపెట్టిన 'యీజిన్ జింగ్' అనే గ్రంథం 17వ శతాబ్దానికి చెందినది. అనగా బోధిధర్ముని కాలానికి సుమారు పదకొండు వందల సంవత్సరాల తరువాతిది. చైనా పరిశోధకుడు తాంగ్ హావో 1930 దశకంలోనే ఈ కథ నిలవదని చూపాడు. చాన్ (జెన్) బౌద్ధ సంప్రదాయానికి ఆద్యునిగా బోధిధర్మునికి గల స్థానం వేరు, యుద్ధవిద్యలకు మూలపురుషుడనే ప్రచారం వేరు.

ఒకినావాలో కరాటే పుట్టుక

ఒకినావా ఒకప్పుడు ర్యూక్యూ అనే స్వతంత్ర రాజ్యానికి కేంద్రం. 1372లో ఈ దీవి పాలకులు మింగ్ చక్రవర్తికి కప్పం పంపి చైనాతో వర్తక సంబంధం ఏర్పరచుకొన్నారు. ఫుజియాన్ నుండి వచ్చిన కుటుంబాలు నాహా రేవు దగ్గరి కుమే అనే పేటలో స్థిరపడ్డాయి. ర్యూక్యూ విద్యార్థులు, దూతలు, వర్తకులు ఫుజియాన్ రాజధాని ఫుజౌ నగరానికి వెళ్లి వస్తుండేవారు. చైనా పోరాట పద్ధతులు ఒకినావాకు చేరడానికి ఈ రాకపోకలే మార్గం. 1762 నాటి ఒక పత్రంలో కూషాంకూ అనే చైనీయుడు ఒకినావాలో తన విద్యను ప్రదర్శించిన విషయం నమోదైనది.

1609లో దక్షిణ జపానుకు చెందిన సత్సుమా ప్రభువులు ర్యూక్యూను ఓడించి తమ అదుపులోకి తెచ్చుకొన్నారు. ఆయుధాలు నిషేధించడం వలన రైతులు వట్టి చేతులతో పోరాడడం కనిపెట్టారని, అదే కరాటే అయినదని చెప్పే కథ ఉన్నది. కాని పేర్లు తెలిసిన తొలి గురువులలో ఎక్కువమంది రైతులు కారు; రాజోద్యోగాలలో ఉన్న 'పెచిన్' తరగతివారు. 19వ శతాబ్దపు ప్రసిద్ధ గురువు మత్సుమురా సోకోన్ ర్యూక్యూ రాజుల కొలువులో పనిచేసినవాడు. రాజధాని షురి, రేవుపట్టణం నాహా, దాని పక్కనున్న తొమారి అనే మూడు చోట్ల పేర్లతో మూడు పాయలుగా ఈ విద్య గుర్తింపు పొందినది. 1879లో జపాను ప్రభుత్వం ర్యూక్యూ రాజ్యాన్ని రద్దుచేసి ఒకినావా అనే పాలనా విభాగంగా కలుపుకొన్నది.

ఫుజియాన్ సంబంధానికి ఆధారాలు

కరాటేకు, దక్షిణ చైనా పద్ధతులకు గల సంబంధం కథలపై మాత్రమే ఆధారపడినది కాదు. అభ్యాసంలోనే దాని ఆనవాళ్లు కలవు.

మొదటిది, గురువుల ప్రయాణాలు. హిగావోన్నా కాన్ర్యో (1853-1915) ఫుజౌలో విద్య నేర్చి నాహాలో బోధించాడు. ఉయెచి కన్‌బున్ (1877-1948) 1897లో ఫుజౌ వెళ్లి 1910 వరకు అక్కడ నేర్చుకొన్నాడు. అతని పద్ధతి నేడు ఉయెచి ర్యూ అనే కరాటే శాఖ. హిగావోన్నా శిష్యుడు మియాగి చోజున్ (1888-1953) స్థాపించినది గోజూ ర్యూ. 'గో' అనగా కఠినం, 'జూ' అనగా మృదువు. ఈ పేరుకు ఆధారమైన వాక్యం 'బుబిషి' అనే చైనా మూలపు రాతప్రతిలో ఉన్నది. తెల్లకొంగ పద్ధతికి చెందిన విషయాలు గల ఈ ప్రతిని ఒకినావా గురువులు చేతిరాతతో నకళ్లు తీసి భద్రపరచుకొనేవారు.

రెండవది, 'సాంచిన్' అనే కటా. కటా అనగా వరుసక్రమంలో కూర్చిన కదలికల అభ్యాసం. కాలివేళ్లను కొద్దిగా లోపలికి తిప్పి నిలబడి, శ్వాసను అదుపుచేస్తూ నెమ్మదిగా ముందుకు నడిచే ఈ కటాకు 'మూడు పోరాటాలు' అని అర్థం. ఫుజియాన్‌లోని తెల్లకొంగ, ఐదుగురు పూర్వీకుల పద్ధతులలో అదే పేరుతో, అదే అక్షరాలతో 'సామ్‌చియెన్' అనే ప్రాథమిక అభ్యాసం ఉన్నది. ఉయెచి ర్యూలో దీనిని నేటికీ అరచేతులు తెరిచి చేస్తారు. గోజూ ర్యూలో పిడికిళ్లు బిగించి చేస్తారు.

మూడవది, కటాల పేర్లు. సేసాన్, సాన్‌సేరు, సుపారిన్‌పే అనేవి వరుసగా 13, 36, 108 అనే సంఖ్యలు. జపాను భాషలో 36ను 'సాన్‌జూరోకు' అని, 108ని 'హ్యాకుహచి' అని అంటారు. కటాల పేర్లు ఆ ఉచ్చారణను కాక చైనా ఉచ్చారణను అనుసరిస్తున్నాయి. మన అష్టోత్తరంలో వలెనే చైనా, జపాను బౌద్ధంలోనూ 108 పవిత్ర సంఖ్య కావడం గమనింపదగినది.

షురి పాయకు చెందిన ఇతోసు అంకో (1831-1915) 1908లో విద్యాధికారులకు రాసిన లేఖ మరొక ముఖ్యమైన ఆధారం. కరాటే బౌద్ధం నుండి గాని, కన్ఫ్యూషియస్ మతం నుండి గాని పుట్టినది కాదని, షోరిన్, షోరే అనే రెండు పద్ధతులు పూర్వం చైనా నుండి వచ్చాయని ఆయన అందులో స్పష్టంగా పేర్కొన్నాడు. 'షోరిన్' అనేది శావోలిన్ అన్న పేరుకు జపాను ఉచ్చారణ. అయినప్పటికీ, పైన చెప్పిన ఆనవాళ్లన్నీ ఉత్తరాన హెనాన్‌లోని ఆలయానికి కాక, దక్షిణ తీరాన ఉన్న ఫుజియాన్‌కు దారి చూపుతున్నాయి.

పేరు మార్పు

ఇతోసు 1901లో షురిలోని ప్రాథమిక పాఠశాలలో కరాటేను ప్రవేశపెట్టాడు. రహస్యంగా, కొద్దిమంది శిష్యులకు చెప్పే విద్య తరగతి గదికి వచ్చినది. పిల్లల కొరకు ఆయన 'పినాన్' అనే ఐదు సులభమైన కటాలను కూర్చాడు. బాల్యం నుండి కరాటే నేర్చినవారు ముందుముందు సైన్యానికి పనికివస్తారని కూడా ఆయన లేఖలో వాదించాడు.

ఇతోసు శిష్యులలో ఒకడైన ఫునాకోషి గిచిన్ (1868-1957) వృత్తిరీత్యా బడిపంతులు. 1922లో టోక్యోలో విద్యాశాఖ ఏర్పాటుచేసిన ప్రదర్శనలో కరాటేను చూపి, ఆ తరువాత అక్కడే ఉండి బోధించాడు. జూడో స్థాపకుడు కానో జిగోరో ఆయనను ప్రోత్సహించాడు. జూడోలోని తెల్లని దుస్తులు, 'దాన్' అనే శ్రేణుల పద్ధతి కరాటేలోకి వచ్చాయి. ఫునాకోషి మొదటిసారి నల్ల బెల్టులు ఇచ్చినది 1924లో.

1930 దశకంలో జపాను, చైనాల మధ్య వైరం ముదిరినది. 1931లో మంచూరియా ఆక్రమణ, 1937లో పూర్తిస్థాయి యుద్ధం జరిగాయి. అటువంటి వాతావరణంలో 'చైనా చేయి' అన్న పేరుతో ఒక విద్యను జపాను జాతీయ విద్యగా నిలబెట్టడం కష్టం. 'వట్టి చేయి' అనే అక్షరాలను హనాషిరో చోమో అనే గురువు 1905లోనే ఉపయోగించినా, అవి స్థిరపడినది ఈ కాలంలోనే. 1936 అక్టోబరు 25న నాహాలో ఒక వార్తాపత్రిక ఆధ్వర్యంలో మియాగి, హనాషిరో మొదలైన గురువులు సమావేశమై కొత్త అక్షరాలకు సమ్మతి తెలిపారు. ఆ తేదీని 2005లో ఒకినావా శాసనసభ 'కరాటే దినం'గా ప్రకటించినది.

ఫునాకోషి 'శూన్యం' అనే అక్షరానికి ఆయుధం లేకపోవడం అనే అర్థంతో పాటు మహాయాన బౌద్ధంలోని శూన్యతా భావాన్ని కూడా జోడించాడు. తెలుగువారికి ఆచార్య నాగార్జునుని పేరుతో పరిచితమైన భావనే ఇది. ఆయన కటాల పేర్లను కూడా మార్చాడు: కూషాంకూ 'కాంకూ' అయినది, పినాన్ 'హేయాన్' అయినది, సేసాన్ 'హాంగెత్సు' అయినది. దానితో చైనా సంబంధాన్ని గుర్తుచేసే మాటలు ఒక్కొక్కటిగా తెరమరుగయ్యాయి. కదలికలు మాత్రం చాలావరకు నిలిచాయి.

ఇదే కాలంలో చైనాలో

కుంగ్‌ఫూను ప్రాచీనమైనదిగా, మార్పు లేనిదిగా, కరాటేను ఆధునికమైనదిగా చూపడం కూడా సరికాదు. చైనాలోనూ ఇదే కాలంలో ఇటువంటి ప్రయత్నమే జరిగినది. 1910లో షాంఘైలో జింగ్‌వు వ్యాయామ సంఘం ఏర్పడి, కుటుంబాలకు, గురుపరంపరలకు పరిమితమైన విద్యలను నగరవాసులందరికీ తరగతులలో నేర్పసాగినది. 1928లో నాన్‌జింగ్‌లో కేంద్ర గువోషు సంస్థ ఏర్పడినది. బలహీనమైన జాతిని శారీరకంగా నిలబెట్టాలనేది దాని ఆశయం. 1936లో నాహాలో గురువులు పేరు మార్పు గురించి చర్చించగా, అదే సంవత్సరం బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా చైనా బృందం తమ విద్యను ప్రదర్శించినది.

1949 తరువాత చైనా ప్రభుత్వం వుషును క్రీడగా ప్రామాణీకరించినది. 1956లో తాయ్‌చీని 24 భంగిమలకు కుదించి సామాన్యులకు అందించారు. సాంస్కృతిక విప్లవం (1966-76) నాటికి సంప్రదాయ గురువులు 'పాత ఆచారాల'కు ప్రతినిధులుగా నిందలు, బాధలు ఎదుర్కొన్నారు. అంతకుముందే హాంగ్‌కాంగ్, తైవాన్‌లకు వెళ్లినవారి వలన అనేక పద్ధతులు నిలిచాయి. ఒకినావాలో 1945 నాటి యుద్ధం దీవి జనాభాలో సుమారు నాలుగవ వంతును బలిగొన్నది. గురువులు, శిష్యులు, రాతప్రతులు అందులో నశించాయి. నేడు మనం చూస్తున్న రెండు సంప్రదాయాలు ఈ విధంగా తెగిన చోట మళ్లీ ముడివేసుకొన్నవే.

సాంకేతిక భేదాలు

శాఖలను బట్టి మినహాయింపులు ఉన్నప్పటికీ, సాధారణంగా గమనించే భేదాలు ఇవి:

కదలిక: కరాటేలో, ముఖ్యంగా షోతోకాన్ శాఖలో, గుద్దు సూటిగా వెళ్తుంది. ఒక చేయి ముందుకు పోతుంటే రెండవ చేయి నడుము దగ్గరకు వెనక్కి లాగబడుతుంది. నడుము తిప్పడం వలన పుట్టిన బలం దెబ్బ తగిలే క్షణంలో బిగింపుగా మారుతుంది. చైనా పద్ధతులలో వృత్తాకారపు కదలికలు ఎక్కువ. ఒక కదలిక ముగిసేచోట ఆగకుండా మరొకటి మొదలవుతుంది.

చేతి ఆకృతులు: కరాటేలో పిడికిలి, అరచేతి అంచు ప్రధానం. చైనా పద్ధతులలో పులి పంజా, కొంగ ముక్కు, మిడత కాలు వంటి ఆకృతులు అనేకం. ఒకినావా శాఖలలో, ముఖ్యంగా ఉయెచి ర్యూలో, వేళ్ల కొసలతో పొడిచే దెబ్బలు నేటికీ ఉన్నాయి.

నిలిచే తీరు: షోతోకాన్‌లో కాళ్లు దూరంగా చాచి లోతుగా నిలుస్తారు. నాహా పాయలో తక్కువ దూరంలో, నిటారుగా నిలుస్తారు. ఇది వింగ్ చున్ వంటి దక్షిణ చైనా పద్ధతులకు దగ్గర. అనగా గోజూ ర్యూకు షోతోకాన్ కంటె తెల్లకొంగ పద్ధతితోనే కొన్ని విషయాలలో పోలిక ఎక్కువ.

ఆయుధాలు: చైనా శాఖలలో కర్ర, ఈటె, ఒంటిపదును కత్తి, రెండంచుల ఖడ్గం అదే విద్యలో భాగం. ఒకినావాలో కర్ర, సాయ్, తొన్‌ఫా, నున్‌చాకు, కొడవలి మొదలైనవాటిని 'కొబుదో' అనే వేరు విద్యగా నేర్పుతారు. ప్రధాన జపానులో వ్యాపించిన కరాటేలో ఆయుధాలు దాదాపు లేవు.

అభ్యాస విధానం

కరాటే నేర్పే చోటు 'దోజో', గురువు 'సెన్సే'. తరగతి అంతా వరుసలలో నిలబడి లెక్క ప్రకారం ఒకే కదలికను చేస్తుంది. ఇది పాఠశాలలు, విశ్వవిద్యాలయాల ద్వారా వచ్చిన పద్ధతి. ప్రాథమిక కదలికలు, కటా, జోడీ పోరు అనే మూడు భాగాలు ఉంటాయి. షోతోకాన్‌లో 26 కటాలు ప్రామాణికం. తెలుపుతో మొదలై నలుపు వరకు రంగు బెల్టులు, ఆపైన దాన్ శ్రేణులు ఉంటాయి.

కుంగ్‌ఫూ గురువును 'షిఫు' అంటారు. తండ్రి అనే భావం ఈ మాటలో కలిసి ఉన్నది. తోటి శిష్యులు ఒకరినొకరు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అనే వరుసలతో పిలుచుకొంటారు. వయసును బట్టి కాక, ముందు చేరినవారు పెద్దలు. మన తాలింఖానాలలో వస్తాదుకు, శిష్యులకు ఉండే అనుబంధం వంటిదే ఇది. రంగు బెల్టులు సంప్రదాయంలో లేవు. కొన్ని బడులు ఇటీవలి కాలంలో చేర్చుకొన్నాయి. నమస్కరించే తీరు కూడా వేరు: కరాటేలో నడుము వంచి తల దించుతారు, కుంగ్‌ఫూలో ఒక చేతి పిడికిలిని మరొక అరచేతితో కప్పుతారు.

పోటీలు

కరాటే తొలి ప్రపంచ పోటీలు 1970లో టోక్యోలో జరిగాయి. కటా ప్రదర్శన, కుమితే అనే జోడీ పోరు ఇందులో రెండు విభాగాలు. కుమితేలో చేతి దెబ్బకు 1, నడుముపై భాగానికి తగిలిన కాలిదెబ్బకు 2, తలకు తగిలిన కాలిదెబ్బకు 3 పాయింట్లు ఇస్తారు. దెబ్బ అదుపులో ఉండాలి. టోక్యో ఒలింపిక్ క్రీడలలో (2021లో జరిగినవి) కరాటే 8 విభాగాలలో చోటు పొందినది. పురుషుల 75 కిలోల పై విభాగం ఫైనల్‌లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేదీ 4-1తో ముందున్న సమయంలో, అతని కాలిదెబ్బకు ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. మితిమీరిన బలం వాడినందుకు హమేదీని అనర్హునిగా ప్రకటించి, పడిపోయిన గంజ్‌జాదేకు స్వర్ణం ఇచ్చారు. కరాటే పోటీల స్వభావాన్ని ఈ ఒక్క నిర్ణయం తెలియజేస్తుంది. పురుషుల కటాలో స్వర్ణం గెలిచిన కియూనా ర్యో ఒకినావాకు చెందినవాడు. 2024 పారిస్ క్రీడలలో కరాటేకు చోటు లభించలేదు.

వుషు పోటీలలోనూ రెండు విభాగాలున్నాయి. 'తావోలు' విన్యాసాల ప్రదర్శన. ఎగరడం, గాలిలో తిరగడం వంటివాటికి అందులో ప్రాధాన్యం ఎక్కువ. 'సాండా' జోడీ పోరు. ఇందులో గుద్దులు, కాలిదెబ్బలతో పాటు ప్రత్యర్థిని ఎత్తి పడవేయడం, అరుగు మీద నుండి కిందికి తోయడం అనుమతిస్తారు. దెబ్బకు ప్రత్యర్థి లేవలేకపోతే గెలుపు. తొలి ప్రపంచ వుషు పోటీలు 1991లో బీజింగ్‌లో జరిగాయి. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మణిపూర్‌కు చెందిన నవోరెం రోషిబినా దేవి సాండా 60 కిలోల విభాగంలో రజతం గెలిచినది.

ఏది శక్తివంతమైనది?

విద్యార్థులు తరచుగా అడిగే ఈ ప్రశ్నకు విద్య పేరును బట్టి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. 2017లో చైనాలో మిశ్రమ పోరాట శిక్షకుడు షూ షియావోదోంగ్ ఒక తాయ్‌చీ గురువును కొద్ది సెకన్లలోనే ఓడించడం పెద్ద వివాదానికి దారితీసినది. మరొక వైపు, షోతోకాన్ కరాటేలో పెరిగిన బ్రెజిల్ దేశీయుడు ల్యోటో మచీడా 2009లో మిశ్రమ పోరాటంలో ప్రపంచ స్థాయి బిరుదు గెలిచాడు. అతడు కరాటేతో పాటు కుస్తీ, జుజుత్సు కూడా అభ్యసించినవాడు. ఎదురు తిరిగి కొట్టే ప్రత్యర్థితో క్రమం తప్పక సాధన చేసినవారు ఏ విద్యలోనైనా పోరులో నిలుస్తారు. ఒంటరిగా కటా లేదా తావోలు మాత్రమే చేసేవారికి ఆరోగ్యం, ఏకాగ్రత లభిస్తాయి గాని పోరు అలవాటు కాదు. కాబట్టి కొత్తగా చేరేవారు బోర్డు మీద ఉన్న పేరు కంటె, ఆ బడిలో నేర్పే తీరును, గురువు శిక్షణను, భద్రతా జాగ్రత్తలను పరిశీలించడం మేలు.

సినిమాలు, ప్రజాభిప్రాయం

రెండు విద్యల మధ్య వైరం ఉన్నదన్న భావం బలపడడానికి సినిమాలు ముఖ్య కారణం. 1972లో వచ్చిన బ్రూస్ లీ చిత్రం 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'లో షాంఘైలోని జింగ్‌వు బడికి, జపాను దోజోకు మధ్య పోరాటం కథాంశం. 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' కుంగ్‌ఫూను ప్రపంచమంతటా ఇంటింటి మాటగా చేసినది. 1984లో వచ్చిన 'ది కరాటే కిడ్' చిత్రంలో గురువు మియాగి ఒకినావావాడు. అదే పేరుతో 2010లో తీసిన చిత్రంలో బాలుడు బీజింగ్ వెళ్లి కుంగ్‌ఫూ నేర్చుకొంటాడు. అందువలన చైనాలో ఆ చిత్రం 'కుంగ్‌ఫూ కల' అనే అర్థం గల పేరుతో విడుదలైనది. తెలుగు చిత్రాలలో 1980 దశకంలో కరాటే నేర్చిన సుమన్, భానుచందర్ వంటి కథానాయకుల పోరాట దృశ్యాలు యువతను ఆకట్టుకొన్నాయి. తెలుగు వాడుకలో చేతులతో, కాళ్లతో చేసే ఏ పోరాటాన్నైనా 'కరాటే' అనడం కనిపిస్తుంది.

సంగ్రహంగా

పుట్టుక: కరాటే - ఒకినావా, కుంగ్‌ఫూ - చైనాలోని అనేక ప్రాంతాలు.
పేరుకు అర్థం: కరాటే - మొదట 'చైనా చేయి', తరువాత 'వట్టి చేయి', కుంగ్‌ఫూ - శ్రమతో సాధించిన నేర్పు.
ప్రధాన శాఖలు: కరాటే - షోతోకాన్, గోజూ ర్యూ, షితో ర్యూ, వాదో ర్యూ, ఉయెచి ర్యూ, క్యోకుషిన్; కుంగ్‌ఫూ - శావోలిన్, హుంగ్‌గర్, వింగ్ చున్, తెల్లకొంగ, తాయ్‌చీ, షింగ్‌యీ, బాగువా మొదలైనవి.
ఆయుధాలు: కరాటే - వేరు విద్యగా, కుంగ్‌ఫూ - అదే విద్యలో భాగంగా.
శ్రేణులు: కరాటే - రంగు బెల్టులు, దాన్, కుంగ్‌ఫూ - సంప్రదాయంలో గురుశిష్య వరుసలు.
పోటీలు: కరాటే - కటా, కుమితే, వుషు - తావోలు, సాండా.

పోల్చేటప్పుడు కరాటే మొత్తాన్ని కుంగ్‌ఫూ మొత్తంతో కాక, ఒక నిర్దిష్ట శాఖను మరొక నిర్దిష్ట శాఖతో, ఒకే కాలానికి చెందిన రూపాలతో పోల్చడం సమంజసం. అలా చూసినప్పుడు నాహా పాయ కరాటే, ఫుజియాన్ తెల్లకొంగ పద్ధతి దగ్గరి బంధువులుగా కనిపిస్తాయి. తెల్లకొంగ, షింగ్‌యీ రెండూ చైనావే అయినా వాటి మధ్య అంతకంటె ఎక్కువ దూరం ఉన్నది.